తూకం గది

గుణుపురం జిన్నింగ్ మిల్లులో
కాటా గది వెనక, గోనెసంచుల పక్కన
పంతొమ్మిదేళ్ళుగా గురకపెడుతోంది సర్వర్.
నెత్తిన పసుపు బొట్టు,
ఏ దసరాకి పెట్టిందో ఎవరికీ గుర్తులేదు.
ఫ్యాన్ రెక్కల నిండా పత్తి నూగు.

దాన్ని ఖాళీ చెయ్యడానికే నన్ను పిలిచారు.
లెక్కలన్నీ ముంబయి క్లౌడ్‌లోకి,
వాటి నకళ్ళు హైదరాబాదులో
ఇంకో కంపెనీ క్లౌడ్‌లోకి.
"రెండెందుకమ్మా?" అన్నారు షావుకారు పకీరునాయుడు గారు.
"పత్తంతా ఒక్క గోడౌన్‌లోనే వేస్తారా?" అన్నాను.
కిందటేడు ఒక గోడౌన్ తగలబడింది.
ఆయన ఇంకేం అడగలేదు.

మబ్బు అనే మాట ఇక్కడ అచ్చిరాదు.
ఏరిన పత్తి బండి మీదుండగా
కొండల వైపు నల్లబడితే
గుండె చేత్తో పట్టుకునే ఊరు ఇది.
అందుకే క్లౌడ్ అనే అన్నాను.
గుమాస్తా పాఢిబాబు దాన్ని ఒడియాలోకి తిప్పి
'మేఘ' అని గేటు దాకా చాటేశాడు.
పొద్దుటికల్లా హమాలీలకి
నేను మేఘాలమ్మని.

శనివారం రాత్రి పది దాటాక మొదలెట్టాను.
పర్లాకిమిడి మీంచి వచ్చే ఫైబర్ ఒకటి,
రాయగడ వైపు నుంచి ఒకటి,
రెండూ పోతే పంపుగది కప్పు మీద ఫోర్‌జీ డబ్బా.
ఆరు లక్షల వరసలు.
నూటికి పదకొండు. టీ చల్లారింది.
నూటికి నలభై.
పేర్ల దగ్గర ఆగింది.

దాసిరి జకాకా, ఒడియాలో.
దాసిరి జకాకా, తెలుగులో.
ఇంగ్లీషులో ఇంకోసారి, ఒక అక్షరం తప్పుగా.
ఊరొకటే.
ఒకే మనిషి కాబోలు, కలిపెయ్యనా
అని అడుగుతోంది యంత్రం,
మర్యాదగానే.

కలిపేసేదాన్నే. వేలు మీట మీదే ఉంది.
కాటా చూసే గురవమ్మ నిద్రకళ్ళతో వచ్చి
తెర మీదికి వంగింది.
"కలపకు తల్లీ.
ఒడియావోడు పెద్దోడు. ఇంగ్లీషోడు వాడి బాబాయి కొడుకు.
తెలుగులో ఉన్నోడు లేడు.
ఆ రాత నాదే.
కాటా మీద బండి వదిలేసి ఆసుపత్రికెళ్ళాడు,
ఖాళీ బండిని ఎవరో తోలుకుపోయారు.
నాలుగు క్వింటాళ్ళ డెబ్బై కిలోలు.
డబ్బులు ఎవరూ పట్టుకెళ్ళలేదు."

పన్నెండేళ్ళ బాకీ.
కొత్త పట్టికలో దానికి గడి లేదు.
ఉన్నవాడు, లేనివాడు,
రెండే గడులు.
లేనివాడికి మనం ఇవ్వాల్సింది ఉంటుందని
పట్టిక గీసినవాళ్ళకి తోచలేదు.

తెల్లారుజామున వాన, అసలు మబ్బుది.
పర్లాకిమిడి ఫైబర్ పోయింది.
కాసేపటికి రాయగడది.
ఫోర్‌జీ ఒక్క గీత మీద కాసేపు కొట్టుకుని
అదీ పోయింది.
ముంబయి ఉంది, హైదరాబాదు ఉంది,
మధ్యలో ఇంత వంశధార.
గేటు బయట టార్పాలిన్లు కప్పుకుని
పదిహేడు బళ్ళు.
గురవమ్మ నా వంక చూసింది.
నేను పాత సర్వర్ వంక చూశాను.
నయం, ఇంకా తుడిచెయ్యలేదు.
మీట నొక్కగానే గురక అందుకుంది.
కాటా అంకెలు ఎర్రగా వెలిగాయి.

సోమవారం కాగితం మీద పెట్టాను:
కాటా లెక్క ఈ గదిలోనే ఉండాలి.
దారి ఉన్నప్పుడు పైకి పంపుకుంటుంది,
లేనప్పుడు తన లెక్క తను రాసుకుంటుంది.
దీన్ని హైబ్రిడ్ అంటారు అన్నాను.
"వానకి కొట్టంలో, ఎండకి కళ్ళంలో.
దానికీ ఓ పేరా?" అంది గురవమ్మ.

దాసిరిలు ముగ్గుర్నీ ముగ్గురిగానే పంపాను.
తెలుగు దాసిరి పక్కన కొత్త గడి ఒకటి కట్టి
'అడగాలి' అని పేరు పెట్టాను.

సంతకం చేస్తూ షావుకారు
ఆ మాట దగ్గర పెన్ను ఆపారు.
చాలాసేపే ఆపారు.
"ఆ యేడు ధర ఎంతుండేది?"

గురవమ్మ కాటా మీంచి తల తిప్పలేదు.
"ఈ యేడు ధరెంత బాబూ?"